కింది గిన్నె

మా ఇంట్లో దయ్యాల కథలు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. నాన్న కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. రాత్రిపూట పెరట్లో ఏదైనా చప్పుడైతే టార్చిలైటు పట్టుకుని నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్లి, అది దేని చప్పుడో చూపించి గాని పడుకోనిచ్చేవారు కాదు. పిల్లి, రేకు డబ్బా, గాలికి ఊగే తీగ. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి దొరికేది. అలా పెరిగాను కాబట్టి, ఎవరైనా తమకు జరిగిన వింత గురించి చెప్తుంటే మర్యాదకు వింటాను గాని లోపల కారణాలు వెతుక్కుంటూ ఉంటాను.

ఇప్పుడు నేనే అలాంటిదొకటి రాస్తున్నాను. అందుకని జాగ్రత్తగా రాస్తాను. కళ్లతో చూసింది ఏదో, ఒకరు చెప్పగా విన్నది ఏదో వేరుగా చెప్తాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

మేము కోస్తా వైపు నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో స్థిరపడినవాళ్లం. నేను అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్లు సోషల్ టీచరుగా పనిచేశాను. మా పిల్లలు ఎక్కడో వేల ఏళ్ల కిందటి నగరాల్లో మురుగు కాలువలు ఎలా ఉండేవో గడగడా అప్పజెప్పేవాళ్లు. రోజూ కార్ఖానాలో బస్సెక్కి వచ్చే పిల్లని ఆ పేటకు ఆ పేరు ఎందుకొచ్చిందని అడిగితే మాత్రం తెల్లముఖం వేసేది. సికింద్రాబాదులో పుట్టి పెరుగుతూ ఈ ఊరికి చరిత్ర ఉందని తెలియని పిల్లల్ని చూసి నాకు దిగులేసేది.

ఉద్యోగం మానేశాక, నాతో పాటు పనిచేసిన స్వరూప, నేను కలిసి ఒక పని మొదలుపెట్టాం. స్వరూప వాళ్లది తరతరాలుగా ఇక్కడి కుటుంబమే, కార్ఖానాలో ఉంటారు. మా పని ఏమిటంటే, ఈ ఊళ్లో మామూలు మనుషులు వాడిన పాత వస్తువులు సేకరించి, ఒక పెద్ద పెట్టెలో సర్ది, బడులకు తీసుకెళ్లి పిల్లల చేతుల్లో పెట్టడం. అద్దాల వెనక పెట్టి చూపించడం కాదు. పట్టుకోవాలి, తిప్పాలి, బరువు చూడాలి, వాసన చూడాలి. గోలీ సోడా సీసా, గుర్రపు నాడా, టాంగాకు తగిలించే లాంతరు, ఇత్తడి తూకపురాళ్లు, రైలు పట్టాలకు కొట్టే మేకు, పాత ఇంటి కప్పు మీది పెంకు, ఇలాంటివన్నీ ఉంటాయి. పిల్లలు దానికి పాత సామాన్ల పెట్టె అని పేరు పెట్టారు.

మా పద్ధతి చాలా సులువు. పిల్లలు గుంపులుగా కూర్చుంటారు. ఒక్కో గుంపుకు ఒక వస్తువు ఇస్తాం. అదేమిటో మేము చెప్పం. అది ఏమిటి, ఎవరు వాడి ఉంటారు, ఆ సంగతి మీకెలా తెలిసింది, ఈ మూడింటికీ వాళ్లే జవాబు చెప్పాలి. మూడోదే అసలు పాఠం. వస్తువు మీద కనిపించే గుర్తును బట్టి చెప్తే సరే. ఊహించి చెప్తే, అది ఊహ అని ఒప్పుకోవాలి.

పెట్టెలో ఒక ఇత్తడి టిఫిన్ క్యారియర్ ఉంది. నాలుగు గిన్నెలది. జనరల్ బజారులో పాత్రల కొట్టతను కరిగించడానికి పంపబోతున్న తుక్కులోంచి నేనే ఏరుకుని తెచ్చాను. అతనికి అదెక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఇంట్లో పాత ఇత్తడి ఇచ్చి కొత్త స్టీలు సామాన్లు తీసుకెళ్లేవాళ్లు రోజూ వస్తూనే ఉంటారు. మూత మీద ఒకప్పుడు పేరు కొట్టించినట్టుంది. తోమీ తోమీ అరిగిపోయి చివర ‘య్య’ ఒక్కటే మిగిలింది. గిన్నెల్ని కలిపి బిగించే పట్టీకి మామూలుగా ఇత్తడి చీల ఉంటుంది. దీనికి అది లేదు. దాని బదులు మెలితిప్పిన ఇనుప చీల ఉంది. చివర చదును చేసి, చిన్నగా వంచి ఉంది. ఆ వంపులో నా వేలు పట్టదు. ఎందుకలా చేశారో మాకు అర్థం కాలేదు.

తెచ్చిన రోజే చింతపండు పెట్టి తోమి, వేడినీళ్లలో ఉంచి, డాబా మీద ఎండబెట్టాను. ఈ మాట ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

మొదటిసారి కార్ఖానాలో ఒక స్కూల్లో జరిగింది. ఆరో తరగతి. క్యారియర్ వచ్చిన గుంపులో ఒక బాబు చీల లాగి, పై మూడు గిన్నెల్నీ ఒక్కసారే ఎత్తి పక్కన పెట్టేశాడు. వాటిలోకి తొంగి కూడా చూడలేదు. అడుగున ఉన్న నాలుగో గిన్నెను ముందుకు లాక్కున్నాడు.

నాకు ఆ తీరు కొత్తగా అనిపించింది. క్యారియర్ ఎవరైనా పైనుంచే విప్పుతారు కదా. ఒక్కో గిన్నె తీసి, చూసి, పక్కన పెడతారు. వాడు తీసిన తీరు రోజూ అలవాటైన పనిలా ఉంది.

“బెల్లం వాసనొస్తుంది మేడం,” అన్నాడు.

మిగతా పిల్లలు వాసన చూసి ఏమీ రావడం లేదన్నారు. నేనూ చూశాను. ఇత్తడి వాసన తప్ప మరేం లేదు. ఎవరిదై ఉంటుంది అని అడిగాను.

“ఇది నాది మేడం. నా కోసం సేవ్ చేసి పెట్టిండు.”

ఎవరు పెట్టారంటే భుజాలెగరేశాడు. పక్కవాళ్లు నవ్వారు. వాడూ నవ్వేశాడు. గంట కొట్టారు. నేను మర్చిపోయాను కూడా.

కొన్నాళ్ల తర్వాత మల్కాజ్‌గిరిలో ఇంకో బడికి నేనొక్కదాన్నే పెట్టె తీసుకెళ్లాను. కార్ఖానా పిల్లలకూ వీళ్లకూ ఏ సంబంధమూ లేదు. ఇక్కడ ఒక అమ్మాయి అదే పని చేసింది. పై మూడూ ఒకేసారి ఎత్తి పక్కన పెట్టి, కింది గిన్నెలో చెయ్యి పెట్టింది. ఏదో తీసుకున్నట్టు తీసుకుని, లడ్డు చుట్టేటప్పుడు నొక్కినట్టు గుప్పిట్లో నొక్కింది. నేను చూస్తున్నానని గమనించి, సిగ్గుపడి చెయ్యి గౌనుకు తుడుచుకుంది.

“ఏంటమ్మా అది?” అన్నాను.

“రొట్టె వాసన వస్తోందండి. బెల్లం కూడా. నా కోసం దాచారు,” అంది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను గాని తినబుద్ధి కాలేదు. స్వరూపకు ఫోన్ చేసి చెప్పాను. తను తేలిగ్గా తీసుకుంది.

“అక్కా, టిఫిన్ డబ్బా చూస్తే పిల్లలకు తిండి గుర్తుకు రాక ఇంకేం గుర్తొస్తది? నువ్వే ఎక్కడో హింట్ ఇచ్చుంటవ్. నీకు తెల్వకుండనే,” అంది.

అది నిజమే కావచ్చు. మొదటి బడిలో జరిగింది నా మనసులో ఉండి, రెండో బడిలో నా ముఖమో, నేను అడిగిన తీరో పిల్లను అటు నడిపించి ఉండవచ్చు. ప్రయోగాల్లో ఇలాంటివి జరుగుతాయని నాన్న చెప్పేవారు.

ఆ తర్వాత నాకు జ్వరం వచ్చి ఒక బడికి వెళ్లలేకపోయాను. స్వరూప కూడా ఊళ్లో లేదు. పెట్టె మాత్రం పంపాం. ఆ బడి సోషల్ టీచరే క్లాసు నడిపింది. ఆవిడకు మేము ఏమీ చెప్పలేదు. సాయంత్రం ఫోన్ చేసి క్లాసు బాగా జరిగిందని చెప్తూ, మధ్యలో నవ్వుతూ, “ఆ క్యారియర్ మీరు సరిగ్గా కడగలేదేమో మేడం, ఒక పాప బెల్లం వాసన వస్తోందని గొడవ. ఇది నాది, ఎవరికీ ఇవ్వనని కింది గిన్నె పట్టుకుని కూర్చుంది,” అంది.

ఆ ఫోన్ పెట్టేసి వెంటనే స్వరూపకు చేశాను.

స్వరూప వాళ్లింట్లో వాళ్ల అమ్మమ్మ క్యారియర్ ఒకటుంది. అదీ ఇత్తడిదే, నాలుగు గిన్నెలదే. మా దాన్ని తీసేసి కొన్ని బడుల్లో అది పెట్టి చూశాం. పిల్లలు పైనుంచే విప్పారు. పప్పు, సాంబారు, బిర్యానీ అని ఎవరికి నచ్చింది వాళ్లు చెప్పారు. ఇది నాది అని ఎవరూ అనలేదు. బెల్లం మాట రాలేదు. మళ్లీ మా క్యారియర్ పెట్టాం. మొదటి రెండు బడుల్లో ఏమీ లేదు. ఆ తర్వాతి దాంట్లో మళ్లీ ఒక పిల్ల పై మూడూ కలిపి ఎత్తింది. ఈసారి స్వరూప నా పక్కనే ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇది ప్రతి తరగతిలో జరగలేదు. జరిగినచోట కూడా ఒక్కరికే. ఏ పిల్లలూ భయపడలేదు. నిద్రలో కలవరించడం, జ్వరాలు రావడం ఏమీ లేవు. ఆ కాసేపు వాళ్ల ముఖంలో ఒక సంతోషం కనిపించేది. ఇంటికొచ్చిన నాన్న జేబులో చెయ్యి పెట్టేటప్పుడు పిల్లల ముఖంలో కనిపించేలాంటిది. తర్వాత పక్క గుంపులో సోడా సీసా చూసి అటు పరిగెత్తేవాళ్లు.

నేను ఆ క్యారియర్ పెట్టెలోంచి తీసేద్దామన్నాను. భయంతో కాదు. పిల్లలకు ఆధారం చూపించమని పాఠం చెప్తూ, ఆధారం లేనిదాన్ని వాళ్ల చేతికివ్వడం నాకు తప్పుగా తోచింది. స్వరూప ఒప్పుకోలేదు. “ఏదో ఉందని తెలిసినంక దాచిపెడ్తే అది ఇంకా తప్పక్కా,” అంది. అలా ఆ క్యారియర్ మాతోపాటు బోయిగూడ వచ్చింది.

బోయిగూడలోని ఆ బడి ఇరుకు సందులో ఉంటుంది. పైన రేకుల షెడ్డు, కింద చిన్న ఆవరణ. అక్కడి ఏడో తరగతి పిల్లలతో మేము చాలా వారాలు పనిచేశాం. చివర్లో ఒక ప్రదర్శన పెట్టించాం. పిల్లలు వాళ్ల అమ్మమ్మలను, తాతలను పిలుచుకు రావాలి. ఇంట్లో ఏదైనా పాత వస్తువుంటే తెచ్చి దాని గురించి వాళ్లే చెప్పాలి. ఆ రోజు ఉదయం షెడ్డంతా ముసలివాళ్లతో నిండిపోయింది. రుబ్బురోలు పొత్రం తెచ్చినవాళ్లు, తమలపాకులు పెట్టే పాన్‌దాన్ తెచ్చినవాళ్లు, పెళ్లినాటి ట్రంకుపెట్టె ఆటోలో వేసుకొచ్చినవాళ్లు. ఎవరి గోల వాళ్లది.

అక్షయ అనే అమ్మాయి వాళ్ల నానమ్మను తీసుకొచ్చింది. ఆవిడ పేరు నర్సమ్మ. మనవరాలి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా నడుస్తోంది. చేతిలో ఏమీ లేదు. “మా ఇంట్ల పాతయి ఏం మిగల్లేదు మేడం, ఊకె చూడనీకి వచ్చింది,” అని అక్షయ ముందే చెప్పేసింది.

ఆవిడ బల్లలన్నీ చూసుకుంటూ వచ్చి క్యారియర్ దగ్గర ఆగింది. ఆ బల్ల దగ్గర రేష్మ అనే అమ్మాయి నిలబడి వచ్చినవాళ్లకు గిన్నెలు విప్పి చూపిస్తోంది. పొద్దుట్నుంచీ అందరికీ పైనుంచి ఒక్కొక్కటే తీసి చూపిస్తూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

నర్సమ్మగారు ఇత్తడిని చూడలేదు. ఆ ఇనుప చీలను చూసింది. వంగి, దాని మెలి మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంది.

“గీ చీల మా నాయిన కొట్టిండు,” అంది.

నేను దగ్గరికి వెళ్లాను. అలవాటుగా, ఎలా గుర్తుపట్టారమ్మా అని అడిగాను.

“గీ వంపు సూడు బిడ్డా. గప్పుడు నేను గింతంత పోరిని. చీల గుంజుదామంటే నా ఏలు జారిపోతుండె. నా ఏలు పట్టేటట్టు కొన వంచిండు. రైల్వే వర్క్‌షాపుల ఫిట్టరు మా నాయిన.”

నేను అక్షయను ఆ వంపులో వేలు పెట్టమన్నాను. పట్టలేదు. అక్కడెవరో ఒక ముసలాయన చంకలో చిన్నపాప ఉంది. ఆ పాప వేలు మాత్రం సరిగ్గా పట్టింది.

మీ నాన్నగారి పేరేమిటని అడిగితే మల్లయ్య అంది. మూత మీద ‘య్య’ ఉంది. కానీ ఆ తరంలో సగం మంది పేర్లు అలాగే ఉంటాయి కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. చీల సంగతి మాత్రం కాదనలేను.

ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టాం. అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. నేను మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడకూడదని నిర్ణయించుకుని నిలబడ్డాను. పిల్లల సంగతి అప్పటికి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అసలు బోయిగూడ బడిలో అలాంటిది జరగనే లేదు.

“పొద్దుగాల మా అమ్మ రొట్టెలు, పప్పు, ఏదో కూర కట్టిస్తుండె. సాయంత్రం పని ఇడిసినంక మా నాయిన వస్తుంటె నేను గల్లీ మూలకు ఉరుకుతుంటి. క్యారియర్ గుంజుకుని ఆడనే కూసుంటుంటి. పై మూడు గిన్నెలు ఒక్కపారే లేపి పక్కకు పెట్టేది. కింది గిన్నెల నాకు మలీద ఉంటుండె.”

మలీద అంటే రొట్టెను నలిపి, బెల్లం కలిపి చేసే ముద్ద. మా ఇళ్లలో చెయ్యరు. నాకు స్వరూప వాళ్లింట్లోనే తెలిసింది.

“తన రొట్టెలకెల్లి ఒకటి మిగులుస్తుండె. బెల్లం ముక్క పొట్లంల కట్టుకపోయి, ఆడనే నలిపి ముద్ద జేసి పెడ్తుండె. రోజు. మా తమ్ములకు తెల్వదు. నాకొక్కదానికే.”

స్వరూప నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

ఒకరోజు వాళ్ల నాన్న పని దగ్గరే కూలిపోయాడు. గుండె ఆగిందన్నారు. తోటి పనివాళ్లు ఆయన్ని ఇంటికి తెచ్చారు. క్యారియర్ కూడా ఎవరో తెచ్చారు. ఇల్లంతా జనం, ఏడుపులు. వాళ్ల మేనత్త ఆ క్యారియర్ తీసుకెళ్లి నల్లా దగ్గర కడిగి బోర్లించేసింది.

“నేను సూడనే లేదు బిడ్డా. అండ్ల ఏమన్న ఉండెనా అత్తా అని శానసార్లు అడిగిన. యాదిలేదన్నది. మా అమ్మనడిగితె ఏడుస్తుండె. ఇగ ఇడిసిపెట్టిన. కొన్నొద్దులకు మా అమ్మ గా క్యారియరిచ్చి స్టీలు గిన్నెలు తెచ్చుకున్నది. కాని నా మనసుల ఉండిపాయె. అన్నం తిన్నంక పోయిండో, తినక ముందే పోయిండో. నా ముద్ద జేసిండో లేదో.”

ఇంత వయసొచ్చి, మనవలను ఎత్తి, భర్తను, ఒక కొడుకును పోగొట్టుకున్న మనిషి. ఆ మాట అనేటప్పుడు మాత్రం గొంతు చిన్నపిల్లది అయిపోయింది.

నాకు అసలు కష్టం అప్పుడు వచ్చింది. ఇన్ని బడుల్లో పిల్లలు ఏమన్నారో చెప్తే ఆవిడ మనసుకు ఊరట. కానీ నా దగ్గర ఉన్నదేమిటి? కొందరు పిల్లలు వాసన వచ్చిందన్నారు. అంతే. దాన్ని పట్టుకుని ఒక పెద్దావిడ జీవితమంతా మోసిన ప్రశ్నకు జవాబు ఇవ్వడానికి నేనెవర్ని? పైగా ఏ రోజుదో ఎవరికి తెలుసు? ఆయన బతికున్న రోజులన్నీ ఆ గిన్నెలో బెల్లం ఉండేదట. చివరి రోజు ఉందని ఆ వాసన చెప్పదు కదా. చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను. మంచినీళ్లు తెప్పించడానికి అటు తిరిగాను.

నేను తిరిగి చూసేసరికి రేష్మ పై మూడు గిన్నెల్నీ ఒక్కసారే ఎత్తి బల్ల మీద పక్కకు పెడుతోంది.

రేష్మ మా పక్కనే ఉంది. నర్సమ్మగారు చెప్పిందంతా విన్నది. ఈ సంగతి దాచకూడదు. విన్నది కాబట్టే అలా చేసిందనుకోవచ్చు. అప్పుడు నేనూ అదే అనుకున్నాను. కింది గిన్నెను రెండు చేతులతో ఎత్తి, ఆవిడ ఒళ్లో పెట్టింది.

“ఇది నీకంట నానమ్మా,” అంది.

“ఎవరన్నారు?” అని నేను గట్టిగానే అడిగాను.

“ఏమో మేడం,” అంది రేష్మ. నా గొంతుకు కొంచెం బెదిరినట్టుంది.

నర్సమ్మగారు గిన్నెలోకి చూసింది. ఖాళీ గిన్నె. తళతళా తోమిన ఇత్తడి. “ఏముందే అండ్ల?” అంది, పిల్లతో ఆడుతున్నట్టే.

“రొట్టె, బెల్లం,” అంది రేష్మ. ఒక క్షణం ఆగి, వాసన పీల్చి, “కుడుక సుత ఉంది,” అంది.

నర్సమ్మగారి ముఖంలో రంగు మారిపోయింది. అక్షయ భయపడి నానమ్మా అని పట్టుకుంది. ఆవిడ నన్ను చూసి, ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పింది.

ముందు రోజు సాయంత్రం ఆవిడ అలిగిందట. ఎప్పుడూ ఉత్త బెల్లమేనా, పక్కింటివాళ్ల మలీదలో ఎండుకొబ్బరి ఉంటుంది, నాకూ కుడుక వెయ్యమని ఏడ్చిందట. రేపు తప్పకుండా కుడుక కలిపి తెస్తానని వాళ్ల నాన్న ఒట్టేశాడట. ఆ మర్నాడే పోయాడు. ఈ సంగతి ఆవిడ తల్లికి చెప్పలేదు, భర్తకు చెప్పలేదు, పిల్లలకూ చెప్పలేదు. అలిగిన మర్నాడే పోయాడని ఎవరికని చెప్పుకుంటుంది?

“తెచ్చిండు,” అంది. గిన్నెను కడుపుకు ఆనించుకుని మళ్లీ అంది. “మా నాయిన తెచ్చిండు.”

షెడ్డులో గోల గోలగానే ఉంది. అటు ఎవరో ట్రంకుపెట్టె మూత తెరిచి చూపిస్తున్నారు, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. మా బల్ల దగ్గర మాత్రం అందరం ఏడుస్తున్నాం. నేను వంగి ఆ గిన్నె వాసన చూశాను. నాకేమీ రాలేదు. ఆ నిమిషంలో నాకు రావాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. రాలేదు.

తర్వాత రేష్మను విడిగా కూర్చోబెట్టి అడిగాను. వాసన వచ్చింది, చెప్పాను అంది. అంతకుమించి ఆ పిల్లకేమీ తెలియదు. వాళ్లకూ నర్సమ్మగారి కుటుంబానికీ పరిచయం లేదు. అక్షయతో స్నేహం ఉంది గాని, ఆ కుడుక సంగతి అక్షయకే తెలియదు.

స్వరూప, నేను దీని గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో. మలీదలో కుడుక వెయ్యడం చాలా ఇళ్లలో ఉన్నదే, రేష్మ తన ఇంట్లో తిన్నది గుర్తొచ్చి అనేసి ఉండొచ్చు అని తనే అంటుంది. సరే, అది కలిసొచ్చిందనుకుందాం. మరి కార్ఖానా బాబు? మల్కాజ్‌గిరి పిల్ల? మేము లేనప్పుడు గిన్నె వదలనని కూర్చున్న పాప? ముద్ద నొక్కిన ఆ చెయ్యి?

ఆ రోజే నేను క్యారియర్‌ను నర్సమ్మగారికి ఇచ్చేయబోయాను. అది ఆవిడది. ఆవిడ తీసుకోలేదు.

“మా ఇంట్ల షెల్ఫుల పెడ్తే ఎవరు తీస్తరు బిడ్డా? పోరగాండ్లు తియ్యనీ. ఆల్లే తియ్యాలె.”

మరీ పట్టుబడితే, ఆ చీలను ఒకసారి చేతిలోకి తీసుకుని, చీర కొంగుతో తుడిచి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. ఆ తర్వాత ఒకసారి బోయిగూడలో వాళ్లింటికి వెళ్లినప్పుడు, మీకు భయం వెయ్యలేదా అని అడిగాను. నేనేదో అర్థంలేని మాట అన్నట్టు చూసింది. “ఎందుకు భయం? మా నాయిన గద,” అంది.

ఆ క్యారియర్ ఇప్పటికీ మా పెట్టెలో ఉంది. బడులకు వెళ్తూనే ఉంది. అది ఒక రైల్వే వర్క్‌షాపు ఫిట్టరుది అని, ఆయన పేరు మల్లయ్య అని, కూతురి వేలు పట్టడానికి చీల వంచాడని పిల్లలకు చెప్తాను. దానికి నా దగ్గర ఆధారం ఉంది. మిగతాది చెప్పను.

బోయిగూడలో ఆ ఉదయం తర్వాత ఇంతవరకూ ఏ పిల్లలకూ దాంట్లో వాసన రాలేదు. పై మూడు గిన్నెలు ఒకేసారి ఎవరూ ఎత్తలేదు. క్లాసు జరుగుతున్నంతసేపూ నా కళ్లు ఆ గుంపు మీదే ఉంటాయి. ఒక్కోసారి ఇంటికొచ్చాక చాలా దిగులుగా ఉంటుంది. జరుగుతున్నప్పుడు ఇది ఆగిపోతే బాగుండుననుకున్నాను. ఆగాక ఎందుకు ఆగిందో తెలియడం లేదు. ఎందుకొచ్చిందో అసలే తెలియదు. ఎప్పుడో కడిగి బోర్లించిన గిన్నె, ఎన్నో ఏళ్లు ఎవరెవరి చేతుల్లోనో తిరిగి, ఏమీ తెలియని పిల్లలకు మాత్రమే ఆ మాట ఎలా చెప్పిందో, పక్కనే నిలబడ్డ నాకు ఎందుకు చెప్పలేదో, నేను ఎంత వెతికినా దొరకలేదు. నాన్న ఉండి ఉంటే టార్చిలైటు తీసుకుని బయల్దేరేవారు. ఆయనకైనా దొరికేదని నేననుకోను.